బేస్‌బాల్ బ్యాటు ఊపు: పాదం నుంచి బంతి దాకా

బేస్‌బాల్‌లో బ్యాటర్ బంతిని కొట్టడం చూసినవారికి ముందుగా కనిపించేవి చేతులు. బలమంతా భుజాల్లో, జబ్బల్లో ఉందనుకుంటారు. కొత్తగా బ్యాటు పట్టిన పిల్లవాడూ అలాగే అనుకుని చేతులతోనే లాగి కొడతాడు. కానీ ఆ ఊపు పాదాల దగ్గర పుడుతుంది. మోకాళ్లు, తుంటి, నడుము, భుజాల మీదుగా పైకి వచ్చి, అన్నిటికన్నా ఆఖరున మణికట్టు దాటి బ్యాటుకు చేరుతుంది. ఊపును మెరుగుపరచుకోవడం అంటే ఈ వరుస చెడకుండా చూసుకోవడం, దాన్ని సరైన సమయానికి మొదలుపెట్టడం. ఆరేళ్ల పిల్లలకైనా, అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్లకైనా ఈ రెండు పనులే. స్థాయిని బట్టి మారేది సాధన పద్ధతి ఒక్కటే.

ఇది ఎంత కష్టమైన పనో కొలతలు చెబుతాయి. బంతి విసిరే పిచర్ నిలబడే చోటుకూ బ్యాటర్ పక్కన నేలలో ఉండే హోమ్ ప్లేటుకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. 1893 నుంచి ఇదే కొలత. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి బ్యాటర్‌ను చేరడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. అందులో బ్యాటు తిరగడానికే 0.15 సెకను పోతుంది. మిగిలిన పావు సెకనులో బంతిని చూడాలి, ఏ రకమో పోల్చుకోవాలి, కొట్టాలా వదిలేయాలా తేల్చుకోవాలి. బ్యాటు గుండ్రంగా ఉంటుంది, ఎంత లావైనా 6.63 సెంటీమీటర్లు దాటకూడదు. బంతి అడ్డుకొలత ఏడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ రెండు గుండ్రని వస్తువులు తాకి ఉండే కాలం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పది సార్లలో మూడు సార్లు హిట్ కొట్టి బేస్ చేరినవాణ్ని ఈ ఆటలో గొప్ప బ్యాటర్ అంటారంటే కారణం ఇదే.

తెలుగు పాఠకుడికి ఈ విషయం క్రికెట్ ద్వారానే తేలిగ్గా అందుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద నల్లగొండ జిల్లా చిట్యాల లాంటి ఊళ్లలో పిల్లల చేతిలో ఉండేది క్రికెట్ బ్యాటు, టెన్నిస్ బంతి. అంతకుముందు తరం చేతిలో చిర్రగోనె ఉండేది. చెక్కిన కొస మీద తట్టి చిర్రను లేపి, అది గాలిలో ఉండగానే గోనెతో దూరంగా కొట్టే ఆ ఆటలో బేస్‌బాల్‌కు కావలసిన మొదటి పాఠం ఉంది. గాలిలో కదిలే చిన్న వస్తువుకు గుండ్రని కర్రను సరిగ్గా తగిలించడం ఆ పాఠం. టెన్నిస్ బంతి క్రికెట్‌లో ముందుకాలు పక్కకు జరిపి మిడ్‌వికెట్ మీదుగా లేపి కొట్టే దెబ్బ బేస్‌బాల్ ఊపుకు చాలా దగ్గరి చుట్టం.

తేడాలు కూడా పెద్దవే. బేస్‌బాల్‌లో పిచ్ మీద పడి లేచే బంతి లేదు. క్రికెట్ భాషలో చెప్పాలంటే వచ్చేవన్నీ ఫుల్‌టాస్‌లే. అలాగని తేలికేమీ కాదు, ఆ ఫుల్‌టాస్ గాలిలోనే పక్కకు తిరుగుతుంది, చివర్లో కిందికి జారుతుంది. క్రికెట్ బ్యాటుకు 10.8 సెంటీమీటర్ల దాకా వెడల్పున్న చదునైన ముఖం ఉంటుంది, అడ్డం పెట్టినా నాలుగు పరుగులు రావచ్చు. గుండ్రని బ్యాటుకు ఆ వెసులుబాటు లేదు. పైగా క్రికెట్‌లో చుట్టూ ఎటు కొట్టినా పరుగే. బేస్‌బాల్‌లో ముందున్న 90 డిగ్రీల కోణంలో పడితేనే లెక్క, వెనక్కి, పక్కలకు పోయినది ఫౌల్. అందువల్ల లేట్ కట్, లెగ్ గ్లాన్స్ వంటి సొగసులకు అక్కడ చోటు లేదు.

మణికట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే హైదరాబాద్ బ్యాటింగ్‌కు పేరు తెచ్చింది అదే. మహమ్మద్ అజారుద్దీన్ 1984–85లో తన మొదటి మూడు టెస్టుల్లోనూ శతకాలు చేశాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద వీవీఎస్ లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ఆఫ్ స్టంప్ బయటి బంతిని ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి లెగ్ వైపు పంపడం వారికి వెన్నతో పెట్టిన విద్య. బేస్‌బాల్ కోచ్ మాత్రం బంతి తగిలే క్షణంలో ఒక అరచేయి ఆకాశం వైపు, రెండోది నేల వైపు ఉండాలంటాడు. మణికట్లు తగిలిన తర్వాతే తిరగాలి. ముందే తిరిగితే బ్యాటు బంతి నెత్తిమీద నుంచి జారి, బంతి నేలమీద దొర్లుతూ ఫీల్డర్ చేతికి పోతుంది. క్రికెట్ నుంచి ఈ ఆటకు వచ్చే తెలుగు పిల్లలు మార్చుకోవలసిన అలవాట్లలో ఇది మొదటిది.

ఇక ఊపు ఒక్కో అంగం మీదుగా ఎలా సాగుతుందో చూద్దాం. పిచర్ చేయి ఎత్తుతుండగా బ్యాటర్ బరువును వెనుక కాలి మీదికి తీసుకుంటాడు. ముందుకాలు చిన్న అడుగు వేస్తుంది. ఈ అడుగు పడేటప్పుడు చేతులు వెనకే ఉండిపోవాలి. శరీరం ముందుకు, చేతులు వెనక్కి ఉన్న ఆ క్షణంలో నడుము దగ్గర కండరాలు సాగుతాయి, సాగినవి తిరిగి ముడుచుకునేటప్పుడే వేగం పుడుతుంది. ముందు మడమ నేలకు ఆనగానే తుంటి తిరగడం మొదలవుతుంది, దాని వెనక భుజాలు, వాటి వెనక చేతులు. వృత్తి బేస్‌బాల్ ఆటగాళ్ల ఊపును కెమెరాలతో కొలిచి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తుంటి గరిష్ఠంగా సెకనుకు 714 డిగ్రీల వేగంతో, భుజాలు 937 డిగ్రీల వేగంతో తిరిగాయి. కింది భాగం ముందుగా, నెమ్మదిగా తిరుగుతుంది. పైభాగం ఆలస్యంగా, ఇంకా వేగంగా తిరుగుతుంది. కింద పుట్టిన వేగం మీద పైది మరికొంత చేర్చుకుంటూ పోతుందన్న మాట.

ఈ వరుసలో ముందుకాలు చేసే పని చాలామందికి తెలియదు. బంతి తగిలే సమయానికి ఆ కాలు గట్టిగా నిటారు కావాలి. ముందుకు పోతున్న శరీరాన్ని అది ఆపుతుంది. ఆపినందువల్లే ఆ వేగం తిరుగుడుగా మారి పైకి పోతుంది. మోకాలు మెత్తబడి ముందుకు జారిపోతే తుంటి తిరగదు, మొత్తం భారం చేతుల మీద పడుతుంది. టెన్నిస్ బంతి ఆటలో బలంగా కొట్టబోయి ముందుకు తూలిపడే పిల్లవాడిలో కనిపించే లోపం ఇదే.

బ్యాటు వేగానికి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, బంతి ఎంత వేగంగా తిరిగిపోతుందన్నది ఎక్కువగా దానిమీదే ఆధారపడుతుంది. బేస్‌బాల్ భౌతికశాస్త్రాన్ని ఏళ్ల తరబడి పరిశోధించిన అలన్ నాథన్ వంటివారు వాడే సులువైన లెక్క ఒకటి ఉంది. ప్లేటు దగ్గర బంతి వేగంలో ఐదో వంతు, బ్యాటు వేగానికి 1.2 రెట్లు కలిపితే తిరిగిపోయే వేగం వస్తుంది. బంతి 137 కిలోమీటర్ల వేగంతో వచ్చి, బ్యాటు 113 కిలోమీటర్ల వేగంతో సరిగ్గా తగిలితే బంతి సుమారు 163 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. ఇదంతా సరైన చోట తగిలితేనే. బ్యాటు కొస నుంచి సుమారు 12–18 సెంటీమీటర్ల లోపలి భాగంలో తగిలితే చేతికి వణుకు తెలియదు. కొసనో, పిడి దగ్గరో తగిలితే వేళ్లు జివ్వుమంటాయి, బంతీ చచ్చిపోతుంది.

అలాగని వేగమే సర్వస్వం కాదు. మేజర్ లీగ్ 2024లో ప్రతి బ్యాటర్ బ్యాటు వేగాన్నీ బహిరంగంగా ప్రకటించడం మొదలుపెట్టింది. సగటు గంటకు 116 కిలోమీటర్ల దగ్గర ఉంది. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జియాన్‌కార్లో స్టాంటన్ 130 దరిదాపుల్లో ఊపుతాడు. అందరికన్నా నెమ్మదిగా, 100 దగ్గర ఊపేవాడు లూయిస్ అరాయెజ్. ఆ అరాయెజే 2022, 2023, 2024లో మూడేళ్లు వరసగా మూడు వేర్వేరు జట్ల తరఫున తన లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటు సాధించాడు. పొట్టి ఊపు, బ్యాటు మీద పూర్తి అదుపు, దాదాపు ప్రతి బంతినీ తాకగల కన్ను అతని పెట్టుబడి. ఏ పిల్లవాడికి ఏ దారి నప్పుతుందో శరీరాన్ని చూసి చెప్పాలి. అందరినీ స్టాంటన్‌లా ఊపమనడం పిల్లలకు చేసే అన్యాయం.

బ్యాటు ఏ కోణంలో రావాలన్న దానిమీద నూరేళ్ల వాదం ఉంది. పైనుంచి కిందికి, గొడ్డలి దెబ్బలా కొట్టమని తరాల తరబడి కోచ్‌లు చెప్పారు. 1941లో .406 సగటు, అంటే వెయ్యి సార్లకు 406 హిట్ల లెక్కన సాధించిన బ్యాటర్ టెడ్ విలియమ్స్ ఒప్పుకోలేదు. పిచర్ ఎత్తు మీద నిలబడి విసురుతాడు కనుక బంతి కిందికి దిగుతూ వస్తుంది, కాబట్టి బ్యాటు కొద్దిగా పైకి సాగితేనే రెండిటి దారులు ఎక్కువసేపు ఒకదాని మీద ఒకటి ఉంటాయి అన్నది ఆయన వాదన. 1970ల్లో వచ్చిన కోచ్ చార్లీ లావ్ మరో దారి పట్టి, బరువును వెనుక కాలి నుంచి ముందుకాలికి మార్చడం మీద, బంతిని మైదానం నడుమకు కొట్టడం మీద పట్టుబట్టాడు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 సగటుతో ఆడాడు. ఇద్దరివీ వేర్వేరు మతాలని అప్పట్లో కోచ్‌లు చీలిపోయారు గానీ, ఇప్పటి వీడియోల్లో చూస్తే మంచి బ్యాటర్లలో రెండూ ఉంటాయి. బరువు ముందుకు వస్తుంది, ఆ తర్వాత శరీరం తిరుగుతుంది. 2015లో అన్ని మేజర్ లీగ్ మైదానాల్లో స్టాట్‌కాస్ట్ కొలత పరికరాలు వచ్చాక విలియమ్స్ చెప్పిన కోణానికి బలం చేకూరింది. బంతి నేలకు 8 నుంచి 32 డిగ్రీల మధ్య లేస్తే హిట్ అయ్యే అవకాశాలు మెరుగని లెక్కలు తేల్చాయి.

పైకి సాగే ఊపుకు మారినవారిలో బాగా పేరొచ్చిన ఉదాహరణ జె.డి. మార్టినెజ్. హ్యూస్టన్ జట్టులో అంతంత మాత్రంగా ఆడుతూ, 2013 సీజన్ ముగిశాక తన ఊపును మొదటినుంచి తిరగ నేర్చుకున్నాడు. 2014 మార్చిలో హ్యూస్టన్ అతన్ని వదిలేసింది. డెట్రాయిట్ తీసుకుంది. ఆ ఏడాదే 23 హోమ్ రన్లు, అంటే బంతి కంచె దాటే దెబ్బలు కొట్టాడు, 2017లో 45.

అయితే ఊపు రూపం ఎంత అందంగా ఉన్నా సమయం తప్పితే వృథా. టొరంటో బ్లూ జేస్ జట్టులో హోసే బౌతిస్తా కథ ఇందుకు సాక్ష్యం. 2009లో 13 హోమ్ రన్లు కొట్టిన అతను 2010లో 54 కొట్టాడు. ఈ మధ్యలో అతను మార్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఊపును ముందుగా మొదలుపెట్టడం. కాలు త్వరగా ఎత్తాడు, సిద్ధం కావడానికి సమయం దొరికింది. జపాన్ మహా ఆటగాడు సదహరు ఓ కూడా బంతికి ఆలస్యమవుతున్నాడనే కోచ్ హిరోషి అరకావా 1962లో అతనికి ఒంటికాలి నిలుపు నేర్పాడు. ఆ నిలుపుతోనే ఓ మొత్తం 868 హోమ్ రన్లకు చేరాడు. షోహెయ్ ఒతాని దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్లాడు. 2018లో అమెరికా వచ్చిన తొలి వసంతంలో అక్కడి వేగానికి అందుకోలేక, సీజన్ మొదలవుతుండగా కాలు ఎత్తడం మానేసి మడమ కొద్దిగా లేపి దించడంతో సరిపెట్టుకున్నాడు. 2024లో అదే మనిషి 54 హోమ్ రన్లు కొట్టాడు. ఒకరికి కాలు ఎత్తడం, మరొకరికి ఎత్తకపోవడం మందు. సమయానికి మడమ నేలమీద ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

కన్ను విషయంలో ప్రతి ఊళ్లో ప్రతి కోచ్ చెప్పేది ఒకటే, బంతిని చివరిదాకా చూడమని. చివరిదాకా చూడటం మనిషి కంటికి సాధ్యం కాదని టెరీ బాహిల్, టామ్ లారిట్జ్ 1984లో చూపారు. వారు పరీక్షించిన వృత్తి ఆటగాడి కన్ను కూడా బంతిని ప్లేటుకు ఐదున్నర అడుగుల దూరం దాకానే వెంబడించగలిగింది. ఆపైన బంతి కన్ను కన్నా వేగం. క్రికెట్ బ్యాటర్ల మీద మైఖేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ 2000లో చేసిన పరిశోధనలో, మంచి బ్యాటర్ కన్ను బంతిని వదిలి ముందుగానే అది పడబోయే చోటికి దూకుతుందని తేలింది. రెండు ఆటల్లోనూ మెదడు జోస్యం చెబుతుంది, కన్ను ఆ జోస్యానికి మొదటి భాగం అందిస్తుంది. అయినా చివరిదాకా చూడమనే సలహా పనికిరానిది కాదు. అలా ప్రయత్నించేవాడి తల కదలదు, తల కదలకపోతే తొలి భాగం స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగువారికి ఈ విద్యలో ఇప్పుడు సొంత మనిషి ఉన్నాడు. అర్జున్ నిమ్మల ఫ్లోరిడాలో తెలుగు కుటుంబంలో పుట్టి, క్రికెట్ కూడా ఆడుతూ పెరిగిన కుడిచేతి బ్యాటర్, షార్ట్‌స్టాప్. స్ట్రాబెరీ క్రెస్ట్ హైస్కూల్‌లో ఆడి, జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2023 డ్రాఫ్టులో 17 ఏళ్ల వయసులో తొలి రౌండ్‌లో, 20వ ఆటగాడిగా టొరంటో బ్లూ జేస్‌కు ఎంపికయ్యాడు. బౌతిస్తా ఆడిన జట్టే అది. 2024లో బ్లూ జేస్ దిగువ స్థాయి జట్టు డనీడిన్‌లో అతని తొలి పూర్తి సీజన్ చాలా ఇబ్బందిగా మొదలైంది. బంతిని తాకలేక అవుటయ్యే స్ట్రైక్‌అవుట్లు పెరిగిపోయాయి. జట్టు అతన్ని కొంతకాలం మ్యాచ్‌ల నుంచి తప్పించి శిక్షణ కేంద్రంలో ఊపు మీద, బంతుల ఎంపిక మీద పని చేయించింది. తిరిగి వచ్చాక బంతి కంచె దాటడం మొదలైంది, సీజన్ ముగిసేసరికి పదిహేనుకు పైగా హోమ్ రన్లు నమోదయ్యాయి. 2025లో ఒక మెట్టు పైనున్న వాంకూవర్ జట్టుకు వెళ్లి, మొదట్లో జోరుగా ఆడి, తర్వాత మళ్లీ తగ్గాడు. పై మెట్టులో పిచర్లు కొత్త ప్రశ్నలు వేస్తారు, ఊపు కొత్త జవాబు వెతుక్కోవాలి. ఇరవై ఏళ్లు నిండకముందే ఈ చక్రం రెండుసార్లు తిరగడం ఈ వృత్తిలో మామూలే. పద్దెనిమిదేళ్ల వాణ్ని ఆటలోంచి తీసి వారాల తరబడి సాధన చేయించే ఓపిక మాత్రం మన పాఠశాల, జిల్లా పోటీల వ్యవస్థ నేర్చుకోవలసిన సంగతి.

స్థాయిని బట్టి సాధన మారుతుంది. చిన్నపిల్లలకు విసిరిన బంతితో మొదలుపెట్టడం తొందరపాటు. నడుమెత్తు కర్ర మీదో, రబ్బరు గొట్టం మీదో బంతిని నిలిపి కొట్టించాలి. కదలని బంతిని కొట్టేటప్పుడు పిల్లవాడికి తన తుంటి, తన మడమ తెలిసొస్తాయి. బ్యాటు బరువు ఎక్కువైతే ఈ మొత్తం చదువు పాడవుతుంది. ఒక చేత్తో పక్కకు చాచి కాసేపు కదలకుండా పట్టుకోలేని బ్యాటు ఆ పిల్లవాడికి బరువైనదే. పెద్దల్లోనూ పిడిని కాస్త పైకి పట్టుకోవడం నామోషీ కాదు. 2001లో 73 హోమ్ రన్లు కొట్టిన బారీ బాండ్స్ అలాగే పట్టుకునేవాడు.

పన్నెండేళ్ల లోపు పిల్లల లిటిల్ లీగ్‌లో పిచర్ 46 అడుగుల దూరం నుంచి విసురుతాడు. అక్కడి 112 కిలోమీటర్ల బంతికి దొరికే సమయం పెద్దల మైదానంలో 148 కిలోమీటర్ల బంతికి దొరికే సమయంతో దాదాపు సమానం. కాబట్టి ఆ వయసులో పొడుగాటి అడుగులు, ఎత్తిన కాళ్లు అనవసరపు బరువు. మహిళల ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో దూరం ఇంకా తక్కువ, 43 అడుగులే. పైగా బంతి కిందినుంచి విసురుగా వస్తుంది, పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. పాఠశాల స్థాయిలో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు బేస్‌బాల్ వీడియోలు చూపించి లేపి కొట్టమనడం కన్నా, చదునుగా, పొట్టిగా ఊపడం నేర్పడం మేలు.

క్రికెట్ ఆడిన కుర్రాడు బేస్‌బాల్‌కు వస్తే రెండు నెలలు అతనితో ఎదురుగా బంతి ఆడించకుండా, పక్కన కూర్చుని మెల్లగా ఎగరేసిన టెన్నిస్ బంతుల్ని వల లోకి కొట్టించాలి. బ్యాటు నిటారుగా దించే పాత అలవాటు అక్కడే వదులుతుంది. సాధనకు ముందు బరువు రింగు తొడిగి ఊపడం చాలాచోట్ల కనిపిస్తుంది. రింగు తీశాక బ్యాటు తేలికగా అనిపిస్తుంది, వేగం మాత్రం పెరగదు. తగ్గినట్టు చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. మామూలు బ్యాటుకు కాస్త అటూ ఇటూ బరువున్న బ్యాట్లతో మార్చి మార్చి వారాల తరబడి ఊపడమే మేలైన పద్ధతి.

గాయాల సంగతి కూడా మరవకూడదు. పిడి చివరి గుండును అరచేతిలో దాచి పట్టుకునేవారికి మణికట్టు దగ్గర హమేట్ అనే చిన్న ఎముక కొక్కెం విరగడం ఈ ఆటలో తరచూ జరిగేదే. నడుము పక్క కండరాలు చిరగడం మరొకటి. తుంటి తిరగకుండా నడుము ఒక్కటే తిరిగినప్పుడు ఆ కండరాల మీద భారం పెరుగుతుంది.

ఇక తిరిగి క్రికెట్ వైపు చూస్తే, బలంగా లేపి కొట్టడం అక్కడ కొత్తేమీ కాదు. తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ మీద 153 పరుగులు చేస్తూ 11 సిక్సర్లు కొట్టాడు. టీ20 వచ్చాక బేస్‌బాల్ ఊపు పాఠాలు క్రికెట్ కోచ్‌ల చేతికి వచ్చాయి. తుంటి ముందు, చేతులు వెనక అన్న వరుస ఇప్పుడు వారి మాటల్లోనూ వినిపిస్తుంది. 

చిట్యాలలోనో, పక్కనున్న నార్కట్‌పల్లిలోనో కోచ్ దొరకని కుర్రాడికి ఈ రోజు ఉన్న మంచి సాధనం ఫోను. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు ఉంటాయి, 0.15 సెకను ఊపులో నాలుగైదు బొమ్మలకు మించి దక్కవు. అదే ఫోనులో స్లో మోషన్‌ను 240 ఫ్రేములకు పెడితే 36 బొమ్మలు వస్తాయి. ఫోనును బ్యాటర్ ఛాతీకి ఎదురుగా, తుంటి ఎత్తులో కదలకుండా పెట్టాలి. ముందు మడమ నేలకు ఆనిన ఫ్రేము, బెల్టు బకిల్ తిరగడం మొదలైన ఫ్రేము, బంతి తగిలిన ఫ్రేము గుర్తించి వాటి మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో రాసుకోవాలి. మడమ కన్నా ముందే బకిల్ తిరిగితే వరుస తప్పినట్టు. బకిల్, చేతులు ఒకే ఫ్రేములో కదిలితే ఊపు ఇంకా చేతుల్లోనే ఉన్నట్టు. బంతి తగిలిన ఫ్రేములో ముందు మోకాలు వంగి ఉంటే నిలిపిన బంతి దగ్గరికే తిరిగి వెళ్లి, ఆ కాలు నిటారయ్యేదాకా సగం వేగంతో ఊపాలి. నెల తర్వాత అదే చోట, అదే ఎత్తులో మళ్లీ వీడియో తీసి పాత లెక్క పక్కన కొత్తది రాసుకుంటే, ఏది మారిందో ఏది మారలేదో కనిపిస్తుంది.